ఇత్తడి పావడా

ఆ ఏడు ఎండలు రెండు వారాలు ముందే వచ్చాయి. వాటి వెనకే మా పక్క టైర్ల కొట్టాయన కొలతల టేపు పట్టుకుని వచ్చాడు. ఆయన్ని అందరూ టైర్ల బాబాయి అంటారు, నేనూ అంతే. మా షెడ్డు గోడని ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచి, "ఇరవై రెండడుగులు. నా లారీ టైర్లకి అచ్చంగా సరిపోతుంది" అన్నాడు, మమ్మల్ని అప్పుడే ఖాళీ చేయించేసినట్టు.

మా మామయ్యగారు ఔననలేదు, కాదనలేదు. "తొలకరి పడనీవోయ్, అప్పుడు చెప్తా" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళుగా ఆ షెడ్డులో రేడియేటర్లు విప్పుతున్నది నేను. టంకం వేస్తున్నది నేను. కాలిన వేళ్ళు నావి. మామయ్యగారికి చూపు తగ్గాక సన్నపనంతా నా మీదే పడింది. మా ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే మనిషి, స్పానరుకీ స్పూనుకీ తేడా తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. అయినా ఎవరైనా అడిగితే మామయ్యగారు "మా కోడలు కాస్త సాయం చేస్తుంది" అనేవారు. ఆరేళ్ళ చాకిరీని ఆ 'కాస్త'లో సర్దేసేవారు. షెడ్డు పోతే నేను రోజంతా ఇంట్లో కూర్చుని గోడలు చూస్తూ ఉండాలి. నా వల్ల కాదు.

షెడ్డులో అడుగుపెట్టగానే కుడివైపు గోడకి ఒక పెద్ద మేకు ఉండేది. మామయ్యగారు ఆరడుగుల మనిషి, ఆ మేకు ఆయన చెయ్యెత్తుకి కొట్టింది. నాకు అందాలంటే స్టూలు వేసుకోవాలి. దాని నిండా తీగలకి గుచ్చిన థర్మోస్టాట్లు వేలాడేవి. థర్మోస్టాట్ అంటే ఇంజను నెత్తిన కూర్చునే చిన్న ఇత్తడి తలుపు అనుకోండి. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉంటుంది, వేడెక్కాక తెరుచుకుని నీళ్ళని రేడియేటరులోకి వదులుతుంది. ఎండలు మొదలవగానే మా షెడ్డులో జరిగే మొదటి పని, వచ్చిన ప్రతి పాత కారుకీ ఆ తలుపు పీకెయ్యడం. యజమాని పేరు రాసిన కాగితం దానికి కట్టి మేకుకి తగిలించి, చలి మొదలయ్యాక మళ్ళీ పెట్టేవాళ్ళం. "ఎండాకాలంలో తలుపులెందుకమ్మా, తెరిచి పారెయ్యాలి" అనేవారు మామయ్యగారు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. పాత కార్లున్న వాళ్ళెవరూ ఆ మాటకి ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆరేళ్ళు నా చేత్తోనే పీకాను.

ఆ గుత్తిలో అన్నిటికన్నా వెనక, గోడకి ఆనుకుని, కాగితం కట్టని థర్మోస్టాట్ ఒకటుండేది. ముప్ఫై ఏళ్ళ క్రితం షెడ్డు తెరిచిన రోజున వచ్చిన మొదటి బేరం డాక్టరమ్మగారి కారు, అది అందులోంచి తీసింది. ఆ రోజుతో మామయ్యగారికి పేరొచ్చింది. అందుకని దాన్ని చలికాలంలో కూడా తిరిగి పెట్టకుండా ఉంచేసుకున్నారు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఆయన చెయ్యి దానంతట అదే పైకి వెళ్ళి, దాన్ని ఒకసారి తడిమి వచ్చేది.

ఎండలు ముదిరాక ఒక పొద్దున డాక్టరమ్మగారే ఆ కారు నడుపుకుంటూ వచ్చారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఊళ్ళో సగం మందికి పురుడు పోసింది ఆవిడే, ఆ సగంలో మా ఆయన కూడా ఉన్నాడు. ఆకుపచ్చ కారు, గుండ్రటి కళ్ళలాంటి దీపాలు, అద్దంలా తుడిచిన బానెట్టు.

"ఆసుపత్రి మూసేశానయ్యా. కొండమీద ఇంటికి పోతున్నాను, ఇక కిందికి దిగను. ఈ కారులోనే పోతాను, నేనే నడుపుతాను. ఒక్కటే షరతు, దారిలో ఆగేది లేదు" అన్నారు. "ఏటా ఆ ఏడో మలుపు దగ్గర బానెట్టెత్తుకుని, ఆవిరి పోయేదాకా నిలబడి, నీచేత డబ్బాలతో నీళ్ళు పోయించుకోవడం ఇక నా మోకాళ్ళ వల్ల కాదు."

"ఆగదమ్మా. నాది పూచీ" అన్నారు మామయ్యగారు.

టైర్ల బాబాయి మా గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పిలవని చోట ఉండటం ఆయనకి అలవాటు. "ఆ కారు ఏడో మలుపులో మరగకుండా పైకెక్కితే నేను మీసం తీసేస్తా" అన్నాడు నవ్వుతూ.

మామయ్యగారి మెడ నరాలు బిగిశాయి. "మరిగిందా, ఈ షెడ్డు నీది పో. తొలకరి దాకా ఆగక్కర్లేదు."

అనేశాక ఆయన ముఖం చూశాను. నోరు జారానని ఆయనకి తెలిసిపోయింది. కాని ఆయన అన్నమాట వెనక్కి తీసుకోవడం నేనెప్పుడూ ఎరగను, చచ్చినా తీసుకోరు. డాక్టరమ్మగారు కళ్ళజోడు సర్దుకుని నావైపు తిరిగారు.

"నువ్వేమంటావమ్మాయ్?"

ఆ షెడ్డులో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. "పది రోజులివ్వండి" అన్నాను.

మర్నాడే పనిలోకి దిగాను. రేడియేటరు దింపి, పైతొట్టీ కిందితొట్టీ ఊడదీసి, ఒక్కో గొట్టంలో సన్నటి ఊచ దూర్చి సున్నపు పెచ్చులు రాల్చాను. దోసెడు రాలాయి. టంకం వేసి మళ్ళీ మూశాను. ఇంజను లోపలి నీళ్ళదారుల్లోకి పైపు పెట్టి వెనకనుంచి ముందుకి కడిగితే తుప్పునీళ్ళు ఎర్రగా వచ్చి, మూడో రోజుకి తేటపడ్డాయి. ఫ్యాను బెల్టు కొత్తది వేశాను. మెత్తబడిన రబ్బరు హోసులు మార్చాను. రేడియేటరు మూతకి రబ్బరు ఎండిపోయి ఉంటే అదీ మార్చాను. నిప్పు ఆలస్యంగా పడినా ఇంజను వేడెక్కుతుంది కాబట్టి టైమింగు సరిచేశాను. మామయ్యగారు పక్కన స్టూలు మీద కూర్చుని, ఇంజను చప్పుడు వింటూ, "ఇంకొక్క వెంట్రుకవాసి ముందుకి, ఆ, అక్కడ బిగించు" అంటూ ఉండేవారు. ఆ చెవి మాత్రం ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

ఏడో రోజున పరీక్షకి తీసుకెళ్ళాం. మా ఊరి నీళ్ళ ట్యాంకు ఒక దిబ్బ మీద ఉంది, దాని రోడ్డు నిటారుగా పైకి పోతుంది. ఆగకుండా ఎనిమిదిసార్లు ఎక్కి దిగితే కొండెక్కినంత లెక్క. నేను నడిపాను. మామయ్యగారు పక్కన కూర్చుని వేడి చూపే ముల్లుకి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూస్తున్నారు. నాలుగోసారికి ముల్లు సగం దాటింది. ఆరోసారికి ఎర్రగీత తాకింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేచింది.

ఇద్దరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. చెయ్యాల్సినవన్నీ చేశాను, ఇంకేం మిగల్లేదు.

"దాని వయసు అంతేనమ్మా" అన్నారు మామయ్యగారు. ఆయన గొంతులో అంత నీరసం నేనెప్పుడూ వినలేదు. ఇంటికొచ్చాక భోజనం దగ్గర రెండు ముద్దలు తిని లేచిపోయారు. నాకు ఆయన మీద జాలేసింది, నా మీద నాకు కోపం వచ్చింది. ఎక్కడో ఏదో వదిలేశాను, అదేమిటో తెలియడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా కారుని మళ్ళీ దిబ్బ ఎక్కించి, మరిగే ముందే వెనక్కి తెచ్చి, ఇంజను తిరుగుతుండగానే బానెట్టెత్తాను. కళ్ళతో చూసిందంతా అయిపోయింది, ఇక చెయ్యి పెట్టి చూద్దామనుకున్నాను. పై హోసు ముట్టుకున్నాను, వేడిగా ఉంది. రేడియేటరు కిందిభాగం ముట్టుకున్నాను, గోరువెచ్చగా ఉంది. అంటే రేడియేటరు తన పని చేస్తోంది, నీళ్ళు చల్లబడుతున్నాయి. మరి ఇంజను ఎందుకు కాలిపోతోంది? ఇంజను తల నుంచి నీళ్ళపంపుకి పోయే బొటనవేలంత చిన్న హోసు ఒకటుంది, ఎవరూ పట్టించుకోరు దాన్ని. దాని మీద వేలు పెట్టి చటుక్కున తీసేశాను. చుర్రుమంది.

నీళ్ళు రేడియేటరుకి పోయి చల్లబడి రావాల్సింది పోయి, సగానికి సగం ఆ పక్కసందులోంచి వెనక్కొచ్చేస్తున్నాయి. బడికని బయల్దేరి వీధి చివర నుంచే ఇంటికొచ్చేసే పిల్లల్లాగా. మరి ఆ సందు మూసేవాళ్ళెవరు?

స్టూలు వేసుకుని మేకు దగ్గరికెక్కాను. అన్నిటి వెనకా ఉన్న ఆ పాత థర్మోస్టాట్ తీసి వెలుతురులో తిప్పి చూశాను. దాని కింద గుండ్రంగా ఒక ఇత్తడి రేకు, బొమ్మకి పావడా కట్టినట్టు. తలుపు పైకి లేస్తే పావడా కూడా లేస్తుంది, లేచి సరిగ్గా ఆ పక్కసందుకి అడ్డం నిలబడుతుంది. ఇంజను చేసినవాడు ముందే ఆలోచించి పెట్టాడు. మేం పీకి మేకుకి తగిలించాం. గుత్తిలో ఇంకో నాలుగింటికి కూడా, కొలతలు వేరైనా, అలాంటి పావడాయే ఉంది. ఆరేళ్ళు అవన్నీ నా వేళ్ళ మధ్యనుంచే పోయాయి, ఒక్కసారి తిప్పి చూస్తే ఒట్టు.

వంటింట్లోకెళ్ళి గిన్నెలో నీళ్ళు పోసి, దాన్ని అందులో వేసి పొయ్యి వెలిగించాను. అత్తయ్య వచ్చి తొంగి చూసింది.

"ఏం వండుతున్నావే?"

"మామయ్యగారి పరువు, అత్తయ్యా."

"ఉప్పెయ్యనా?" అంది ఆవిడ తడుముకోకుండా.

నవ్వుతూనే విషయమంతా చెప్పాను. నీళ్ళు మరిగాయి కాని తలుపు కదల్లేదు. నా నవ్వు పోయింది. ముప్ఫై ఏళ్ళు గోడకి వేలాడి బిగుసుకుపోయింది. అలాంటిది కొత్తది ఇప్పుడు ఎక్కడా దొరకదు. అత్తయ్య రెండు నిమ్మకాయలు కోసి గిన్నెలో పిండి, "సాయంత్రం దాకా నాననీ. ఇత్తడి సంగతి నాకు తెలుసు" అంది. సాయంత్రం మళ్ళీ మరిగించాం. నీళ్ళలో బుడగలు లేస్తుండగా తలుపు కొంచెం వణికి, మెల్లగా పైకి లేచింది. పావడా దానితోపాటే లేచింది. అత్తయ్య నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆయనకెలా చెప్తావ్?"

"చెప్పకుండా బిగించేస్తే?"

"తర్వాత తెలిస్తే, నిన్ను మళ్ళీ షెడ్డులోకి రానివ్వరు. చెప్పు. ఎవరూ లేనప్పుడు చెప్పు."

చెప్పాల్సిన మాటలన్నీ మనసులో పేర్చుకున్నాను. ఒక్కటి మర్చిపోయాను. దాన్ని తిరిగి మేకుకి తగిలించలేదు.

పొద్దున మామయ్యగారు షట్టరెత్తారు. చెయ్యి అలవాటుగా పైకి వెళ్ళింది. గోడ తగిలింది. మళ్ళీ వెతికింది.

"ఏదమ్మా అది?"

"వంటింట్లో ఉంది మామయ్యగారూ."

"వంటింట్లో ఏం పని దానికి?"

పేర్చుకున్న మాటలు పక్కన పెట్టాను. "ముందు ఇటు రండి" అని కారు స్టార్టు చేశాను. అది బాగా వేడెక్కడానికి అరగంట పట్టింది. తర్వాత బానెట్టెత్తి, "ఆ చిన్న హోసు మీద చెయ్యి పెట్టండి. తర్వాత రేడియేటరు కింద పెట్టండి" అన్నాను.

పెట్టారు. చటుక్కున తీశారు. రేడియేటరు కింద పెట్టి కాసేపు ఉంచారు. మళ్ళీ హోసు దగ్గరికొచ్చారు, ఈసారి ముట్టుకోకుండా దాని పైన అరచెయ్యి చాచి పట్టుకుని నిలబడ్డారు. అంత అనుభవమున్న మనిషికి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంజను ఆపేసి, వంటింటివైపు నడిచారు.

అత్తయ్య అప్పటికే గిన్నె పొయ్యిమీద పెట్టి ఉంచింది. ఆయన జేబులోంచి భూతద్దం తీసి గిన్నె మీదకి వంగారు. ఆవిరికి అద్దం మసకబడుతుంటే చొక్కా అంచుతో తుడుచుకుంటూ, తలుపు లేవడం చూశారు, చల్లనీళ్ళు పోయించి మూసుకోవడం చూశారు, మళ్ళీ లేవడం చూశారు. భూతద్దం జేబులో పెట్టుకున్నారు.

"మూత కిందికి గ్యాస్కెట్ కాగితం కొత్తది కత్తిరించు. పాతది పనికిరాదు" అని షెడ్డులోకి వెళ్ళిపోయారు.

"ఒప్పుకున్నట్టేనా?" అని అడిగాను అత్తయ్యని.

"ఇంకెలా ఒప్పుకుంటారే? ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో నేనింత ఎరగను" అంది ఆవిడ, గిన్నె దింపుతూ.

ఆ సాయంత్రం నీళ్ళ ట్యాంకు దిబ్బ పదిసార్లు ఎక్కాం. ముల్లు సగానికి ఒక గీత పైన నిలబడి, అక్కడే కాపురం పెట్టింది.

పదకొండో రోజు పొద్దున్నే బయల్దేరాం. డాక్టరమ్మగారు స్టీరింగు దగ్గర, నేను పక్కన. వెనక సీట్లో మామయ్యగారు, సాక్షిగా టైర్ల బాబాయి, వాళ్ళిద్దరి మధ్య నాలుగు నీళ్ళడబ్బాలు. డబ్బాలొద్దని నేనంటే మామయ్యగారు వినలేదు. "ఏటా తీసుకెళ్తున్నవే" అన్నారు.

నాలుగు మలుపులు హాయిగా గడిచాయి. ఐదోదాని దగ్గర డాక్టరమ్మగారు పై గేరులోనే లాగిస్తున్నారు. ఇంజను కింద నుంచి మూలుగుతోంది. ముల్లు కదిలింది.

"డాక్టరమ్మగారూ, రెండో గేరులోకి దించండి."

"గోల పెడుతుందమ్మాయ్."

"పెట్టనివ్వండి. ఇంజను తిరిగితేనే పంపూ ఫ్యానూ తిరుగుతాయి. నేను చెప్తున్నానుగా, దించండి."

నా గొంతు అలా పలుకుతుందని నాకే తెలియదు. ఆవిడ చప్పున దించారు. ఆరో మలుపులో ఒక లారీ అడ్డమొచ్చి దాని వెనకే నత్తనడక నడవాల్సి వచ్చింది. గాలి లేదు. ముల్లు ఇంకో గీత ఎక్కింది. వెనక సీట్లో బాబాయి గొంతు సవరించుకున్నాడు. నేను హీటరు పిడి పూర్తిగా లాగాను.

వేడిగాలి భగ్గున మా కాళ్ళమీద కొట్టింది. ఎర్రటి ఎండలో, కొండదారిలో, కారులో హీటరు.

"ఇదేం వైద్యం?" అన్నారు డాక్టరమ్మగారు.

"ఇంజను వేడి కొంచెం మనం పంచుకుంటున్నామండీ. హీటరు కూడా చిన్న రేడియేటరే."

"పోనీలే. నా పాదాలు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి."

బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టాడు. మామయ్యగారు కదల్లేదు. ముల్లు అక్కడే ఆగింది. ఆగి, కొంచెం వెనక్కి వాలింది. లారీ పక్కకి తప్పుకుంది. ఏడో మలుపు వచ్చింది. కారు ఏటా ఆగే చోట మా పాత డబ్బా మూత ఒకటి ఇంకా పడి ఉంది. దాన్ని దాటి పైకి పోయాం. మామయ్యగారు వెనక్కి తిరిగి, ఆ మలుపు కనిపించినంతసేపూ చూశారు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ముల్లు మీదనుంచి మాత్రం కళ్ళు తీయలేదు.

పైన ఇంటిముందు కారు ఆగాక మామయ్యగారు నాలుగు డబ్బాలూ దింపి, డాక్టరమ్మగారి పూలకుండీలకి పోశారు. పోస్తూనే, తల ఎత్తకుండా, ఆవిడకి అంతా చెప్పారు. "మొదటిసారి మీ కారు తెచ్చినప్పుడు రేడియేటరు కడిగానమ్మా. అదే రోజు థర్మోస్టాటూ పీకాను. కారు బాగుపడింది. పీకడం వల్లే బాగుపడిందనుకున్నాను. ఊళ్ళో తిరిగినంతకాలం అలాగే అనిపించింది. కొండెక్కితేనే బయటపడేది, దాన్ని వయసు మీదకి నెట్టేశాను."

"రెండు మందులు ఒకేసారి ఇస్తే ఏది పనిచేసిందో డాక్టరుకీ తెలియదయ్యా" అన్నారావిడ. "నా రోగుల్లో సగం మంది వాళ్ళంతట వాళ్ళే కోలుకుని నాకు పేరు తెచ్చారు. నువ్వే నయం, ఒప్పుకున్నావు."

కిందికి బస్సులో వచ్చాం. ఆ వారమంతా మామయ్యగారు మేకు దగ్గర నిలబడి ఒక్కో కాగితం నాచేత చదివించుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. పావడా ఉన్న నాలుగు కార్ల వాళ్ళకి ముందు చేశారు. "మీ కారుకి ఇన్నేళ్ళూ తప్పు చేశాను. తీసుకురండి, మా కోడలు సరిచేస్తుంది." ఆ మాటలో 'కాస్త' లేదు. నేను గమనించాను. ఆయన కూడా గమనించే అన్నారని నా నమ్మకం. వారం తిరిగేసరికి మేకు ఖాళీ అయింది.

తొలకరి ఒక పొద్దున పడింది. వాన చప్పుడులో సుత్తి చప్పుడు వినిపించి షెడ్డులోకి పరిగెత్తాను. మామయ్యగారు గోడ దగ్గర ఉన్నారు. పాత మేకు చోట గోడకి ఒక బొక్క మిగిలింది. ఆ మేకునే నా భుజమంత ఎత్తులో కొట్టి, కదులుతుందేమోనని పట్టుకుని చూస్తున్నారు. తర్వాత జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి దానికి తగిలించారు.

అప్పుడే టైర్ల బాబాయి గొడుగు మూస్తూ లోపలికొచ్చాడు. మీసం లేదు. ఆయన పైపెదవి అంత తెల్లగా ఉంటుందని ఎవరూ ఊహించలేదు. "తొలకరి పడింది. ఏదో చెప్తానన్నావుగా, అడిగి పోదామని" అన్నాడు, సిగ్గుపడుతూనే.

"నన్నెందుకడుగుతావోయ్? షెడ్డు ఎవరిదో వాళ్ళనడుగు" అని మామయ్యగారు స్టూలు తీసి బయట చూరు కింద వేసుకుని, వాన చూస్తూ కూర్చున్నారు.

బాబాయి నావైపు చూశాడు. నేను మేకు వైపు చూశాను. చెయ్యి చాస్తే తాళంచెవి అందింది. ఇప్పుడు ఆ తాళంచెవి కావాలంటే మామయ్యగారే కొంచెం వంగాలి.